ఎంటర్ పక్కన మీట

మారిబోర్‌లో నవంబరు సాయంత్రం, నాలుగింటికే చీకటి.
ద్రావా నది పొగమంచు కప్పుకుని ముడుచుకుంది.
నెవెంకా బల్ల మీద ఎవరిదో లాప్‌టాప్
వెల్లకిలా తెరిచి ఉంది, మరలన్నీ టీ సాసర్లో.

మీటల కింది వెలుగుని ఎలా అడగాలి?
వెలిగించేది చిప్పు. ఆమె రాసేది అడిగే పద్ధతి.
కెర్నెల్‌కీ దానికీ నడుమ ఒక వాకిలి,
ఎత్తెంత, గడియ ఎటువైపు.

ఒక్క అంకె చాలంటాడు ఇస్టోక్, ఎదుటి బల్ల నుంచి.
సున్నా అంటే చీకటి, మూడంటే నిండు వెలుగు,
అంతకన్నా ఎవడికి కావాలి?
ఆటలాడే కుర్రాళ్లకి కావాలి, అంటుంది నెవెంకా,
మీట మీటకీ ఓ రంగు.
పైగా అందరికీ మూడు మెట్లే ఉండవు,
ఒకరి యంత్రంలో రెండు, ఇంకొకరి దాంట్లో రెండొందల యాభై అయిదు.
ఒక్కోసారి మనిషే మీట నొక్కి వెలుగు తగ్గించేస్తాడు,
ఆ సంగతి కెర్నెల్‌కి ఎవరూ చెప్పరు.
ఇంట్లో దీపం ఎవరార్పారో తెలియని యజమానిలా
పాత అంకె పట్టుకుని కూర్చుంటుంది.

పెదవి దాటితే పృథివి దాటుతుందని మన మాట.
ఆమె ఎన్నడూ వినలేదు,
పదకొండేళ్లుగా దాని కిందే బతుకుతోంది.
ఒక ఫైలుకి పేరు పెట్టి బయటికి వదిలితే
ఎక్కడో ఎవరో దాన్ని నమ్ముకుని నాలుగు పంక్తులు రాసుకుంటారు.
తప్పు పేరైనా ఇక అదే పేరు.
ఆరేళ్ల కింద, జ్వరంతో, తను రాసిన పంక్తి ఒకటుంది:
దీపాలు నూట ఒకటి.

ప్రాగెర్స్కో జంక్షన్ నుంచి ఉత్తరం.
రాత్రి డ్యూటీలో రైళ్లు దాటించే ఓజ్‌బొల్త్.
“మీ డ్రైవర్ వేశాక మీటలన్నీ వెలుగుతున్నాయి,
నా పేరులో రెండో అక్షరం తప్ప.”

జ లాగే ఉంటుంది, జ కాదు.
నాలుక ఎక్కడా తగలకుండా గాలి ఒరుసుకుపోయే శబ్దం,
మన లిపిలో దానికి చోటు లేదు.
నెత్తిన మాత్రం మన తలకట్టు లాంటి చిన్న గీత.
ఎంటర్‌ని ఆనుకుని ఉంటుంది ఆ మీట.
అమెరికా కీబోర్డులో ఆ చోట మీటే లేదు,
ఎంటర్ కాళ్లు చాపుకుని పడుకుంటుంది.
నెవెంకా ఆనాడు లెక్కపెట్టింది దాని మీదే.

తన వేళ్ల కింద రోజూ తిరిగే అక్షరం.
తన భాషలో “బతుకు” మొదలయ్యేది దాంతోనే.
బండి ఱ ని మనవాళ్లు సాగనంపినప్పుడైనా
ఎవరో ఒకరు కూర్చుని వాదించి ఉంటారు.
ఇక్కడ ఆ వాదన కూడా జరగలేదు.

“యంత్రం మేలుకునే క్షణంలో అన్నీ తెల్లగా మెరుస్తాయి,
అదీ మెరుస్తుంది.
తరవాత మీ డ్రైవర్ లేస్తుంది,
అది ఆరిపోతుంది.”

అంటే దీపం ఉంది. పిలిచేవాళ్లు లేరు.

పాత పంక్తిని ఆమె చెరపలేదు.
నూట ఒకటి నమ్ముకున్నవాళ్లకి నూట ఒకటే.
పక్కన కొత్త ఫైలు తెరిచింది:
లెక్క నేను చెప్పను, యంత్రాన్నే అడగండి,
ఏ దీపం చోటు ఆ దీపమే చెబుతుంది,
ఎడమ అంచు నుంచి ఇన్ని మిల్లీమీటర్లు, పై అంచు నుంచి ఇన్ని.
ఇస్టోక్ చదివి, రెండు చోట్ల ముక్కు విరిచి,
సరే అన్నాడు.

రాత్రి రెండూ నలభైకి జవాబు,
కోపెర్ రేవు నుంచొచ్చిన సరుకు బండిని పంపించాక రాసినట్టుంది.
“వెలిగింది. చూసి, సంతోషించి, ఆర్పేశాను.
డ్యూటీలో ఎప్పుడూ ఆర్పే ఉంచుతాను.
కిటికీ అద్దంలో మీటలు కనబడితే
అవతల సిగ్నల్ కనబడదు.
ఒక్క మాట. ఆర్పినా ఎంటర్ పక్కన పిసరంత మిగులుతోంది.
అది మీ తప్పా, దానిదా?”

నెవెంకా లేచి గదిలో లైటు తీసేసింది.
అరువు తెచ్చిన అదే మోడలు ముందు పెట్టుకుని
సున్నా అని రాసింది.
మొహం మీటల దాకా వంచి,
కళ్లు చీకటికి అలవాటు పడేదాకా
అలాగే ఉండిపోయింది.