మాఫీ

జుమ్మారోజు నిజ్వా పైన జబల్ నిండ బండ్లే.
ఏ మలుపుల చూసినా గుడారం, బొగ్గుల పొగ, ఎవరిదో పాట.
మా కఫీల్ కాని కఫీల్, ఖల్ఫాన్,
తుపాకిని చాపల చుట్టి సీటు కింద పెట్టిండు.
నేను నీళ్ల డబ్బాలు మోసెటోన్ని, చాయ్ కాసెటోన్ని.

తెల్లారక ముందే నడుసుడు.
మాకన్న ముందు ఇద్దరు, వాళ్లకన్న ముందు నలుగురు,
లోయ పొడుగూత టార్చిలైట్లు
క్యాంపు బాత్రూము ముందటి లైను లెక్క.
అందరికి ఒకటే ఆశ: దూరంగ, ఇంకా దూరంగ,
మనిషి తొక్కని రాయి మీద ఉంటది కొండజింక.
మోకాళ్లు పగిలినయి.
ఎండిన పెంటికలు దొరికినయి, అంతే.

పొద్దెక్కినంక తిరిగొచ్చి
బండి పక్కన పొయ్యి రాజేస్తుంటే
రోడ్డు కిందనే, చెత్తడబ్బా ఎనుక,
రేగుచెట్టు నీడల
చెవి ఒకటి కదిలింది.
ఇంతమంది కాళ్ల కిందనే పండుకొని
నెమరేస్తున్నది.
నన్ను చూసింది. లేవలే.

నాకు నవ్వొచ్చింది.
మూడేండ్లాయె నేను ఖల్లివెల్లి అయి,
పోలీసు ఠాణా గోడకానుకొని ఉన్న రూముల
పదిమంది నడుమ పండుకునుడు.

"ఏమన్న కనవడ్డదా?" అరబ్బీల అడిగిండు ఖల్ఫాన్.
"మాఫీ" అన్న.
ఆయన చాయ్‌ల చక్కెర
ఇంకో చెంచ ఏసిన.