వలుపు గునపానికి పూత

అంబాజీపేట కొబ్బరి మార్కెట్ వెనక
మా షెడ్డులో ఓ ఉక్కు డ్రమ్ము ఉంది.
రైసుమిల్లు కత్తులూ, రొయ్యల చెరువు మోటార్ల ఇరుసులూ
తుప్పుతో వచ్చి
దాని కడుపులోంచి పసుప్పచ్చగా పోతుంటాయి.

ముసురు పట్టిన రోజు
నేలపూడి ఏసుపాదం గోనెపట్టాలో చుట్టి
తన గునపం మొన తెచ్చాడు.
రోజుకి వెయ్యి కాయ. వారానికో సాన.
"అరిగిపోతందండి, నాకంటే ముందే."

తుప్పు మీద వేసిన పూత
చెమ్మగోడకి కొట్టిన సున్నం, ఒక్క వానకి రాలుతుంది.
అందుకని మొనకి మూడు స్నానాలు.
ఆ తర్వాత ఒట్టి చేత్తో ముట్టకూడదు.
లోపల బిగిస్తుండగా కరెంటు పోయింది.
చీకట్లో గ్లవ్ లాగేసి నుదురు తుడుచుకున్నాను.
కరెంటొచ్చింది. మూత వేశాను.

ఇక పంపు పని:
గోదారి గాల్లోంచి గోదారిని తోడెయ్యడం.
వరిచేల చెమ్మ, నానిన పీచు వాసన,
కాలవ మీది ఆవిరి పోయేసరికి మూడు గంటలు.
చిటికెడు ఆర్గాన్. అంతకన్నా తక్కువ నైట్రోజన్.
గాజు కన్నంలో వంగపువ్వు రంగు వెలుగు.

"లోపల తుమ్మెదేమన్నా ఉందాండి?"
సెకనుకి ఐదొందల దెబ్బలు, అదీ ఆ రొద.
టైటానియం పలకని ఉన్న బలమంతా పెట్టి ఒక్కటి కొట్టి,
కొట్టినదానికి నలభై రెట్లు ఊరుకుంటుంది.
ఊరుకోకపోతే పలకే కరుగుతుంది.

కాసేపు విన్నాడు.
"ఆయ్, మా పనేనండి.
గుచ్చు, తిప్పు, ఊపిరి.
ఊపిరి మర్చిపోయినోడు నలభై దాటడు."

బయటికొచ్చిన మొనని చూసి బెదిరాడు.
"పుస్తెలా మెరుస్తందండి, ఎత్తుకుపోతారు."
బంగారం కాదు, కరిగిద్దామన్నవాడి కొలిమే చస్తుందన్నాను.
మందం మూడు మైక్రాన్లు,
తల వెంట్రుకని నిలువునా ఇరవైగా చీలిస్తే అందులో ఒకటి.
తువ్వాలు తీసి బట్టతల తడుముకున్నాడు:
"వెంట్రుకేదండీ?"

నాలుగు నెలలకి మళ్ళీ వచ్చాడు.
మొన మొననే ఉంది. సాన పెట్టలేదట.
జానెడు పైన మాత్రం
రూపాయి బిళ్ళంత మేర పూత లేచిపోయింది.
ఉప్పుగాలి అన్నాను.
పీచు పులుపు అన్నాను.
ఉక్కు మంచిది కాదేమో అని కూడా అన్నాను.

అతను బొటనవేలు చూపించాడు.
గోరంచున ఇంకా ఊదా మరక.
"రేషన్ కాడ, బ్యాంకు కాడ, కూలి పుస్తకంలో,
పుట్టినకాడ్నించీ నొక్కుతానే ఉన్నానండి.
ఏలిముద్ర నేనెరగనా?
ఇది నాది కాదు."

వంగి చూశాను.
సుడి చుట్టూ సుడి, సన్నటి తుప్పు గీతలు.
నా వేలు జేబులో దాక్కుంది.

డబ్బులొద్దు, మళ్ళీ వేసిస్తానన్నాను.
"మొన బానే ఉంది కదండి,
కాయ తగ్గాక చూద్దాం" అని
గోనెలో చుట్టుకుని సైకిలెక్కాడు.

ఏ దింపుతోటలో ఉన్నాడో ఇప్పుడు.
గుచ్చు, తిప్పు, ఊపిరి.
నా వేలిముద్ర మీదుగా
రోజుకి వెయ్యి కాయ.