మెడలో చోటు

పసిపిల్లకి మెడ ఉండదు.
మూడు మడతలుంటాయి, మడతల్లో పాలచార.
భుజాల కింద తువ్వాలు చుట్టిపెట్టి
తల వెనక్కి వాలిస్తే గాని
నా చేతిలోని పరికరానికి చోటు దొరకదు.

డెర్బీ ఆసుపత్రి. కింది అంతస్తులో కిటికీ లేని గది.
మార్నీకి ఇవాళ పదకొండో రోజు.
మడమ మీద సూది గుచ్చిన మచ్చ ఇంకా ఉంది.
ఆ నాలుగు చుక్కలే చెప్పాయి, ఏదో తక్కువని.
ఎందుకు తక్కువో చూడమని
నా దగ్గరికి పంపారు.

జెల్ సీసా చంకలో పెట్టుకుని వెచ్చజేశాను.

పుస్తకాల్లో దాన్ని సీతాకోకచిలుక అంటారు.
పద్నాలుగేళ్ళుగా చూస్తున్నా
నాకు మాత్రం విడదీసిన వేరుశనగ బద్దలే,
శ్వాసనాళానికి అటొకటి ఇటొకటి.
ఇవాళ అటూ లేదు, ఇటూ లేదు.
రెండు ధమనులు మాత్రం
ఖాళీ జాగాకి కాపలా ఉన్నట్టు
టకటకా కొట్టుకుంటున్నాయి.

"మా నాయనమ్మకి ఇక్కడ బాతుగుడ్డంత ఉండేది,"
అంది మూల కుర్చీలోంచి అమ్మమ్మ మోరీన్.
మాట్‌లాక్ కొండల్లో అప్పట్లో అది మామూలేనట,
డెర్బీషైర్ మెడ అనేవారట.
ఫోటో తీయించుకునేటప్పుడు వెడల్పు రిబ్బను కట్టేదట ఆవిడ.
"ఆమెకి అంతుంటే, దీనికి..." అని నవ్వబోయి
కూతురి మొహం చూసి ఆగిపోయింది.

పరికరాన్ని గడ్డం కిందికి జరిపాను.

నాలుక మొదట్లో మొలిచి
తల్లి కడుపులోనే కిందికి నడిచి రావాలి అది.
నడవలేదు.
ఆరు మిల్లీమీటర్లు, కందిగింజంత,
బడికి పోనని గుమ్మం పట్టుకున్న పిల్లలా
బయల్దేరిన చోటే కూర్చుంది.
రంగు మీట నొక్కితే లోపల ఎర్రగా ఓ మిణుకు.
నెత్తురు అందుతోంది.
పనిచేస్తోందా, చేస్తే ఎంత,
అది నా తెరకి తెలీదు.
దానికి ఒళ్ళు కనిపిస్తుంది గాని
ఒళ్ళు వంచడం కనిపించదు.
ఆ లెక్క రక్తానిదే.

"ఉందా?" అంది కెండ్రా.

డాక్టరుగారు చెప్తారు, ఓ పది నిమిషాలు.
రోజుకి ఇరవైసార్లు అనే మాటే.
ఇవాళ నాలుక మొదట్లోనే ఆగింది.
మాత్ర ఉందమ్మా, చెంచాడు పాలల్లో నలిపి పోస్తే చాలు,
పిల్ల చక్కగా ఎదుగుతుంది...
అదీ నేను చెప్పకూడనిదే.

మడతల్లో మిగిలిన జెల్ తుడుస్తుంటే
మార్నీ ఏడ్చింది,
బొంగురుగా, జలుబు చేసిన పెద్దమనిషిలా.
మోరీన్ లేచి
మంచం కింద పడిన మేజోడు వెతుకుతోంది.