నాలుగో గడి

పేరు, తండ్రి పేరు, గ్రామం.
నాలుగో గడి ఫిర్కా.
ముప్పై ఏండ్లు ఆ గడిలో
చెన్నూరు అనే రాసినా.
ఆర్.ఐ.కి ఆ మాటంటే ఇరవై ఊర్లు, శిస్తు బాకీలు,
ఎండలో మొరాయించే జీపు,
ఎవరింటి అరుగు మీదనో చెంబెడు మజ్జిగ.

ఆ పొద్దు వచ్చిన రెండర్జీల్లో
ఊరొకటే, సర్వే నంబరొకటే,
అడిగింది గూడా ఒకటే:
ఖబరస్తాను నడుమ గోడ.
నాలుగో గడిలో మాత్రం
ఒకాయన తన మసీదు పేరు రాసినాడు,
ఇంకొకాయన తన గురువు పేరు.
తప్పు దిద్దుదామని ఎర్రసిరా తీసినా.

"తప్పేం కాదులే సార్" అన్నాడు
స్టాంపులమ్మే వజీరు సాయిబు.
"ఉర్దూలో ఫిర్కా అంటే చీలిక.
ఒక్క దేవునికే మొక్కుకుంటా
ఒకరి సలాం ఒకరు తీసుకోకపోవడం."

ఇరవై ఊర్లను ఒక కట్ట కట్టిన మాట
ఒక్క వీధిని నిలువునా కోస్తాదని
నాకప్పుడే తెలిసింది.

"మా ఊర్లో తేరు పదకొండేండ్లు కదల్లేదు సాయిబూ,
స్వామికి వడగల నామమా, తెంగల నామమా అని.
చక్రాల కింద చీమలు పుట్ట పెట్టినాయి.
దాన్నేమంటారు?"
"అదీ ఫిర్కానే సార్. తాలూకా వేరే."

శుక్రవారం కాకుండా చూసి గొలుసు పట్టించినా.
పెన్న మీంచి ఇసక గాలి, చుట్టూ కంపచెట్లు,
రెండు పక్కలా రెండు గుంపులు.
తూర్పు రాయి నుంచి పడమటికి సాగిన గొలుసు
ఇంకా మన్ను ఆరని గోరీ మీద
అడ్డంగా పడింది.
తల ఉత్తరానికి, కాళ్ళు దక్షిణానికి.
తల వీళ్ళకు, కాళ్ళు వాళ్ళకు.

కంపకు ఆనుకోని నిలబడిన ఖాసింబీ
అంతసేపూ నోరు విప్పని మనిషి
నా దగ్గరికొచ్చి, మెల్లగా,
"మా ఆయనకు మోకాళ్ళ నొప్పి సార్.
కాళ్ళు అవతలికి పోతే
తైలం రుద్దేకి నన్నెవరు రానిస్తారు?"

ఎవరూ నవ్వలేదు.
చైన్‌మన్ ఓబులేసు
నేను చెప్పకముందే
గొలుసు ఎత్తి భుజాన వేసుకున్నాడు.

"హద్దురాయి దొరకలేదు" అని రిపోర్టు రాసినా.
దొరికింది.
నా బూటు కిందనే ఉండింది.

నేను రిటైరైన మరుసటేడు
గోడ లేచిందంట.
ఆ గోరీ దగ్గర ఏ పక్కకు వంచినారో
పోయి చూడలేదు.