తాడుకి కట్టిన లైటర్

నా కొట్టు గుమ్మానికో తాడు,
తాడుకో లైటర్.
పదకొండేళ్లుగా వేలాడుతోంది.
ఎవరూ ఎత్తుకుపోకూడదని కట్టాను, అంతే.
ఎవరు ముట్టుకోకూడదో అప్పుడు ఆలోచించలేదు.

కెదిరి ఊళ్లో గాలికే లవంగం వాసన.
మా అమ్మ వేళ్లకీ అదే ఉండేది.
పొద్దుణ్ణించీ ఫ్యాక్టరీలో సిగరెట్లు చుట్టి వచ్చి
అదే చేత్తో నాకు అన్నం కలిపి పెట్టేది.
ఇది చెడ్డ వాసన అని
నా ముక్కుకి ఎవరూ నేర్పలేదు.

గిలాంగ్ నా దగ్గర మొదట కొన్నది నూడుల్స్ ప్యాకెట్టు.
తర్వాత్తర్వాత ఐసు వేసిన టీ.
ఒక మంగళవారం, వాన వెలిసిన మధ్యాహ్నం,
బడి నీలం ప్యాంటుకి బురద చుక్కలతో వచ్చి
"ఇబూ, ఒకటి" అన్నాడు.
ఏది ఒకటి అని నేను అడగలేదు.
డబ్బా మూత తీశాను.
వాడి నోట్లు చెమటకి మెత్తబడి ఉన్నాయి.

వాడి వెనక పాంజి, ఇంకో ముగ్గురు.
ఫోన్ని మిరపకాయల బుట్టకి ఆనించి నిలబెట్టారు,
నా మిరపకాయల బుట్టకే!
పొగతో సున్నా చుట్టాలట.
మొదటిసారి దగ్గు.
రెండోసారి దగ్గు, కళ్ల నిండా నీళ్లు.
ఐదోసారి కక్కుకుంటాడేమోనని
చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడ్డాను.
తొమ్మిదోసారికి
వంకరటింకర సున్నా ఒకటి పెదాల్లోంచి లేచి
అరటిగెల దాకా పోయి చెదిరిపోయింది.
వాళ్లు ఈలలు వేశారు.
నేనూ నవ్వాను. ఒప్పుకుంటున్నా, నేనూ నవ్వాను.

రాత్రి మనవరాలు లారస్ ఫోన్ తెచ్చి చూపించింది.
పదిహేను సెకన్లు.
వెనక ఏదో పాట, నింపాదిగా కదిలే పొగ,
పొగ చాటున గిలాంగ్,
కాదు, వాడికి పదేళ్లు పెద్దైన అన్నలాంటివాడెవడో.
దగ్గు లేదు. కళ్లనీళ్లు లేవు. నా చెంబు లేదు.
ఆ ఎనిమిదిసార్లూ ఎటు పోయాయో!
మూల మాత్రం నా మోచెయ్యి ఉంది,
చిల్లర లెక్కపెడుతూ.
కింద ఎర్రగుండెలు, నాలుగు వందల పన్నెండు.
"ఏంటే ఇవి?"
"నచ్చినట్టు, అమ్మమ్మా."
లారస్‌కి ఇంకా పన్నెండు నిండలేదు.
అందులో ఒక గుండె దానిది.

మూడోనాడు హాంకాంగ్ నుంచి నాకు ఫోను.
గిలాంగ్ వాళ్లమ్మ. అక్కడ ఎవరింట్లోనో
ముసలావిడకి స్నానాలు చేయిస్తుంది.
"ఇబూ, మోచేతి మీద నూనె పడి కాలిన మచ్చ...
అది మీదే కదా?" అంది.
తిట్టలేదు. తిట్టినా బాగుండేది.
"మంగళవారం నేను చెయ్యాల్సిన రోజు.
యజమాని ఇంటికి చుట్టాలొచ్చి వీలు కాలేదు.
వాడు ఏడ్చాడా?" అంది.

ఏడ్చాడో లేదో ఎలా చెప్పను?
వాడి మేనమామ ఇంట్లో
మగపిల్లాడి కన్ను తడిస్తే వారం రోజులు ఎగతాళి.
పొగకి ఎర్రబడితే మాత్రం
ఎవరూ ఎందుకని అడగరు.
ఒక్క సిగరెట్టు ధరకి
ఏడవడానికి ఇంత మంచి సాకు
నా కొట్లో ఇంకేం దొరుకుతుంది?

లైటర్ విప్పేశాను. బియ్యం డబ్బాలో పడేశాను.
తాడు మిగిలింది.
పెద్దవాళ్లు వచ్చి గాల్లో తడుముకుని
విసుక్కుంటున్నారు.
ఇరవై అడుగుల అవతల ఇంకో కొట్టుంది,
ఆ గుమ్మానికీ ఒక తాడుంది.
నాకు తెలుసు.

నిన్న గిలాంగ్ వచ్చాడు, ఒక్కడే.
తాడు కొస వేలికి చుట్టుకుంటూ
"అమ్మ మీకు చేసిందట?"
"చేసింది."
ఏమందని అడుగుతాడనుకున్నాను.
"ఎంతసేపు మాట్లాడింది?"
"నాలుగు నిమిషాలు."

వాడు కాసేపు ఏమీ కొనకుండా నిలబడ్డాడు,
తనకి రావలసిన చిల్లర
నేను ఇంకెవరికో ఇచ్చేసినట్టు.