కుండ లేని నేల

తిరుపతిలో మా న్యాయశాస్త్రం క్లాసుకి
రోజూ ఒక కుండ వస్తుంది.
మట్టిది కాదు, మాటది.
"భూతలే ఘటో నాస్తి" అంటారు శఠగోపం సారు
ప్లాస్టిక్ సీసా మూత తిప్పుతూ.

మూడేండ్లుగా వింటా ఉండా.
ఆ కుండ ఎవరు చేసిందో,
ఎంతకమ్మిందో
ఒక్కరూ అడగలా.
స్వర్ణముఖి అవతల సారె తిప్పే
చెంగల్రాయుడి కూతుర్నని
నేనూ చెప్పలా.

పుట్టకముందు లేకపోవడానికి మొదలుండదంట,
కుండ పుట్టిన గడియకి అది ముగుస్తుందంట.
ఇది పుస్తకం చెప్పాలా నాకు?
తడిబట్ట కప్పిన మన్నుముద్ద పక్కన
బీడీ ముట్టించుకుని కూర్చునేవాడు నాయన,
"ఉండు పాపా, ఇంకా రాలా" అని,
పాకాల రైలుకి చూస్తున్నట్టు.

పగిలినాక లేకపోవడానికి
మొదలుంది, చివర లేదంట.
అది మా అమ్మనడగండి.
ఏ ఏడు ఏ ఆవంలో ఎన్ని కడవలు పోయిందీ
ఇప్పటికీ ఒప్పజెబుతుంది.

గంగజాతరకి నాలుగు రోజుల ముందు
నాయన పోయినాడు.
పాడె లేచే వేళ ఎవరో అడిగినారు,
"కుండ యాడమ్మా?"
అటక మీద, ఆవం కాడ, కోళ్ళగూడు వెనకాల,
అంతా వెదికినాం.
చేసినవన్నీ ముందురోజే
ఆటోలో టౌనుకి పోయినాయి.
కుమ్మరింట్లో కుండ లేదు.

మునస్వామి చిన్నాయన బండేసుకుని పోయి
తాతయ్యగుంట సందులో
నూటిరవై ఇచ్చి తెచ్చినాడు.
బేరమాడలేదంట.
తిప్పి చూస్తే, అంచు కింద
నాయన బొటనవేలి నొక్కు.

మూడు గంట్లు, మూడు చుట్లు.
పడినప్పుడు ఖంగుమనింది.
బాగా కాలిన కుండ.

పన్నెండు రోజులకి క్లాసుకొస్తే
సారు నన్నే లేపినారు.
"కుండ లేదని నీకెట్లా తెలిసింది?"
"ఉంటే కనబడేది సార్. కనబడలా."
"మరేం కనబడింది?"
"నేల."
"వట్టి నేలేనా! మీమాంసకుల పక్షానికి దూకేసినావే!"
క్లాసంతా నవ్వినారు. నేనూ నవ్వినా.

"ఇంకొకటి సార్.
సారె పక్కన మన్నుముద్ద అట్లే ఉండాది.
దాంట్లోంచి రావాల్సిన కుండ
ఇంక రాదు.
వచ్చేదైతే కదా ప్రాగభావం.
రానిది లేకపోవడం
మీ నాలుగింట్లో ఏ గూటికి పోతుంది?"

సారు కళ్ళద్దాలు తీసినారు.
పంచె కొంగుతో చాలాసేపు తుడిచినారు.
గంట కొట్టేసినారు.

ఇంటికాడ మా అమ్మ
ఆ బట్ట ఆరిపోకుండా
పొద్దుగూకితే చాలు
చెంబుతో నీళ్ళు చల్లుతానే ఉండాది.