ఉప్పు తిన్నవాళ్ళు

నా ఉద్యోగం చూడటం.
చొక్కా రొమ్ముదాకా ఎత్తమని,
లాగు మోకాళ్ళు దాటించమని,
చేతులు మోచేతులదాకా మడవమని చెప్పి
ఎదురుగా నిలబడి
కన్నార్పకుండా చూడటం.
పూటకి పన్నెండు వందలు, బస్సు ఛార్జీలు వేరే.
మా అత్తగారికి మాత్రం
స్టేడియంలో లెక్కలు రాస్తానని చెప్పాను.

ఆ రోజు పెరియమేడులో గాలి ఆడలేదు.
మెడలో బంగారు పతకంతో అలాగే
వచ్చి కూర్చుంది మునిలక్ష్మి,
డెబ్బై ఆరు కిలోల విభాగం, రైలుపెట్టెల ఫ్యాక్టరీ.
కాగితం మీద నా సంతకం చూసి
"తెలుగా అక్కా మీరు?" అంది.
"మాది గుమ్మిడిపూండి పక్కన.
ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం,
తిట్లు రెండింట్లోనూ."

తొంభై మిల్లీలీటర్లు కావాలి.
ఒంట్లో నీరంతా చెమటే పట్టుకుపోయింది.
మూత తియ్యని సీసాల్లోంచి ఒకటి తననే ఎంచుకోమన్నాను.
నా చేత్తో ఇవ్వకూడదు, అది నిబంధన.
ఒకటి తాగింది. రెండు తాగింది.
ఇనుప కడ్డీకి చీలిన అరచేతి తోలు
పళ్ళతో పీక్కుంటూ మూడోదీ తాగింది.
నూట ఇరవై కిలోలు నెత్తికెత్తిన మనిషి
ఆ కాసిన్ని చుక్కల కోసం
గంటన్నర కూర్చుంది.

ఫారంలో ఒక గడి ఉంటుంది:
గత ఏడు రోజుల్లో వాడిన మందులు.
"ఉలవచారు రాయాలా అక్కా?" అని నవ్వింది.
నవ్వు అయిపోయాక కూడా పెన్ను కదల్లేదు.
"మాస్టరు సూది వేస్తారు. విటమిన్ అన్నారు.
పేరు తెలీదు,
సీసా మీద కాగితం చింపేసి ఉంటుంది."
నా వైపు చూసింది.
నేను గోడ గడియారం వైపు చూశాను.
సలహా చెప్పకూడదు, అదీ నిబంధనే.
నీళ్ళు తాగింది ఆమె,
నమిలింది నేను.

'ఏమీ లేవు' అని రాసింది,
తమిళంలో, బడిపిల్ల దస్తూరీతో.

లోపల కొళాయి తిప్పమంది, సిగ్గేసి.
తిప్పాను.
తర్వాత తనే పోసింది రెండు సీసాల్లోకి,
చుక్క ఒలక్కుండా, అమ్మకి నూనె కొలిచినట్టు.
మూత బిగిస్తుంటే టిక్కు టిక్కుమంది.
ఆ మూత ముందుకే తిరుగుతుంది,
వెనక్కి రావాలంటే పగలగొట్టాలి.

ఏడు వారాలకి ఫలితం.
నోరు తిరగని స్టీరాయిడ్ పేరు,
దాని కింద నాలుగేళ్ళు.
పతకం పోస్టులో వెనక్కి పంపిందట.
ఉద్యోగం ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది కాబట్టి
గుర్తింపు కార్డు గేటు దగ్గరే తీసేసుకున్నారట.
రెండో సీసా విప్పించుకునే హక్కుంది.
ఖర్చు ఆమెదే.
విప్పించలేదు.
విప్పినా అందులో ఉండేది
అదే సాయంత్రం, అదే ఉక్క.

ఉప్పు తిన్నవాళ్ళు నీళ్ళు తాగక తప్పదంటారు మావాళ్ళు.
నిజమే, నా కళ్ళ ముందే తాగింది, మూడు సీసాలు.
వడ్డించినవాడి ఊసు
సామెతలో వెతికాను, లేదు.

ఈ ఏడూ వచ్చాడాయన.
తెల్ల టోపీ, మెడలో విజిల్,
వెనకాల నలుగురు కొత్త పిల్లలు.
"టీ అయిందా మేడం?" అని నమస్కారం పెట్టాడు.
ఆయన మూత్రం ఎవరూ అడగరు.
అడిగినా ఏముంటుంది అందులో,
టీ తప్ప.

సాయంత్రం ఆ నలుగురిలో ఒకతి నా ముందు కూర్చుంది.
పదహారు నిండాయో లేదో.
రెండో సీసా నీళ్ళు సగంలో ఉన్నాయి.
ఆ గడి దగ్గరికొచ్చి పెన్ను ఆగింది.
గోడకేసి చూశాను.
గడియారం బ్యాటరీ అయిపోయి
నాలుగుంపావు దగ్గరే నిలబడి ఉంది.
చూడటానికి ఇంకేం దొరక్క
ఆ పిల్ల ముఖం చూశాను.

గొంతు తగ్గించి, తమిళంలోనే, అడిగాను:
ఆ మందు సీసా మీద
కాగితం ఉందా?